పుంజుతో పోరు పెట్టుకోకుండా బతకడం ఎలా: మీదికి దూకే కోడిపుంజును దారికి తెచ్చే పద్ధతి

పుంజు ఒకసారి మీదికి దూకాక ఇంట్లో అందరికీ వచ్చే మొదటి ఆలోచన, దానికి బుద్ధి చెప్పాలని. కర్ర పట్టుకుని వెళ్తారు, కాలితో తంతారు. అది రెండు రోజులు వెనక్కి తగ్గుతుంది. మూడో రోజు వెనక నుంచి వచ్చి పిక్క మీద కొడుతుంది. ఇలా ఎందుకు జరుగుతుందో అర్థమైతే కింద చెప్పే పద్ధతిలో సగం మీకే తోస్తుంది.

పుంజు కళ్లకు దొడ్లో కదిలేవన్నీ మూడు రకాలు. తన మందలోని కోళ్లు ఒక రకం. పెట్టల కోసం పోటీకి వచ్చిన ఇంకో పుంజు, లేదా వాటిని పట్టుకుపోవడానికి వచ్చిన జంతువు రెండో రకం. పట్టించుకోనక్కర్లేనివి మూడో రకం: పక్కన మేసే ఆవు, తలుపు, చెట్టు, రోజూ దాణా పోసే మనిషి. మీ మీదికి దూకుతోందంటే మిమ్మల్ని రెండో రకంలో వేసిందన్నమాట. అప్పుడు మీరు తిరగబడితే, పోటీకి వచ్చిన పుంజువేనని దానికి రుజువు దొరుకుతుంది. పరిగెత్తితే తాను గెలిచానని తెలుస్తుంది. రెండు దారులూ మళ్లీ దాడికే తీసుకెళ్తాయి. మనకు కావలసింది ఆ పోటీలోంచి పూర్తిగా తప్పుకుని మూడో రకంలో చేరడం. పుంజుకు ‘బాస్ ఎవరో చూపించాలి’ అనే సలహా చాలామంది ఇస్తారు. నాకు అందులో నమ్మకం లేదు.

ముందుగా దాని ఉద్యోగం ఏమిటో చూడండి

గుడ్లకు పుంజు అక్కర్లేదు. పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయి, అవి పిల్లలవ్వవు అంతే. కాబట్టి పుంజును ఉంచుకున్నారంటే పిల్లల కోసమో, మంద కాపలా కోసమో ఉంచుకున్నట్టు. కాపలా పని అది నిజంగానే బాగా చేస్తుంది. ఆకాశంలో గద్ద కనిపిస్తే ఒక రకం కూత, నేల మీద కుక్కో పిల్లో వస్తే ఇంకో రకం కూత. మొదటిది వినగానే పెట్టలు నీడ కిందికి దూరి కదలకుండా ఉంటాయి, రెండోది వింటే మెడలు చాచి చుట్టూ చూస్తాయి. మంచి గింజ దొరికితే పుంజు తాను తినకుండా ‘కొక్ కొక్’మని పిలుస్తూ దాన్ని ముక్కుతో ఎత్తి కింద పడేస్తుంది, పెట్టలు పరుగున వస్తాయి. పెట్టలు పోట్లాడుకుంటుంటే మధ్యలో దూరి విడదీయడం కూడా చాలా పుంజుల్లో చూస్తాం.

కోళ్ల మందలో ఎవరు ఎవరిని పొడవచ్చు అనే వరుస ఒకటి ఉంటుంది. నార్వేకు చెందిన జంతుశాస్త్రవేత్త థోర్‌లీఫ్ షెల్డెరప్ ఎబ్బె దీన్ని 1920ల మొదట్లోనే వివరంగా రాశాడు. ఆ వరుస కుదిరిందంటే పోట్లాటలు తగ్గుతాయి. చెదిరిందంటే, అంటే కొత్త కోడి వచ్చినా, పెద్ద పుంజు పోయినా, గూడు మారినా మళ్లీ కుదిరేదాకా గొడవే. మనుషుల మీద దాడులు కూడా తరచుగా ఇలాంటి మార్పుల తర్వాతే మొదలవుతాయి.

దూకే ముందు అది చెప్పే సంగతులు

ఏ హెచ్చరికా లేకుండా దూకింది అని అనుకుంటాం గానీ, చాలాసార్లు హెచ్చరిక ఉంటుంది, మనం చూడం. ఈ గుర్తులు నేర్చుకుంటే సగం దాడులు ముందే ఆగుతాయి.

అన్నిటికన్నా ముందు వచ్చేది పక్కచూపు. పుంజు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దేన్నైనా పరీక్షగా చూడాలంటే ఒక కన్ను అటు తిప్పి నిలబడుతుంది. మీరు కదిలిన ప్రతిసారీ తల అలా తిప్పుతూ వెంట వస్తోందంటే లెక్క కడుతోందని. తర్వాత ఒక రెక్క నేలకు వాల్చి, అడ్డంగా చిన్న చిన్న అడుగులు వేస్తూ మీ చుట్టూ తిరుగుతుంది. పెట్ట ముందు చేసే నాట్యమే ఇది. మనిషి ముందు చేస్తే సవాలు. మురిసిపోయి ఫోన్‌లో వీడియో తీసుకునేవాళ్లు ఉన్నారు, రెండు వారాల తర్వాత అదే పుంజు గురించి సలహా అడుగుతారు.

ఇక మూడో దశ: తల కిందికి దించి మెడ ఈకలు గొడుగులా విప్పడం, నేల మీద లేని గింజల్ని పొడుస్తున్నట్టు నటించడం, పుల్లలు ఎత్తి పడేయడం. ఈ దశలో అది మీకు ఎదురుగా ఉంటే ఇక దూకడమే తరువాయి. దూకినప్పుడు రెండు కాళ్లు ముందుకు చాచి, రెక్కలతో కొడుతూ, కాలి ముల్లుతో గుచ్చుతుంది. ముక్కుతో పొడవడం చిన్న విషయం, ముల్లు పెద్ద విషయం.

వయసు కూడా గుర్తుపెట్టుకోండి. సాధారణంగా 4 నుంచి 6 నెలల మధ్య పుంజుకు యవ్వనం వస్తుంది. అంతదాకా ఒళ్లో కూర్చున్న పిల్ల ఒక్కసారిగా మారిపోయిందని చాలామంది బాధపడతారు. నిజానికి చేతుల్లో పెరిగిన పుంజులే ఎక్కువ మీదికొస్తాయి. వాటికి మనిషంటే భయం ఉండదు, మనిషిని తమ జాతిలోవాడనే అనుకుంటాయి, యవ్వనం రాగానే పోటీకి దిగుతాయి. పుంజు పిల్లల్ని మచ్చిక చేసినా ఒళ్లో ఆడించే అలవాటు వద్దు. ఇప్పుడే పెంచుతున్నవాళ్లకు ఈ ఒక్క జాగ్రత్త తర్వాత బోలెడు కష్టం తప్పిస్తుంది.

మొదటి పని: కారణం పట్టుకోండి

రెండు మూడు రోజులు ఏమీ చేయకుండా గమనించండి. ఎవరి మీదికి వెళ్తోంది? అందరి మీదికా, ఒక్కరి మీదికేనా? ఏ చోట? గుడ్లు తీసేటప్పుడా, దాణా పోసేటప్పుడా, మీరు వెనక్కి తిరిగి వెళ్లేటప్పుడా? కోళ్లకు రంగులు మనకన్నా బాగా తెలుస్తాయి, మనకు కనిపించని అతినీలలోహిత కాంతి కూడా వాటికి కనిపిస్తుంది. కొత్త రంగు బూట్లు, గాలికి ఎగిరే చున్నీ, కుచ్చిళ్లు, చేతిలో ఊగే బకెట్ లాంటివే కొన్ని పుంజులకు ఆ రోజు సమస్య. బట్ట మార్చగానే గొడవ ఆగిన సందర్భాలు తక్కువేం కావు.

పెట్టను పట్టుకున్నప్పుడు అది అరిస్తే దూకే పుంజు వేరు. అది తన పని తాను చేస్తోంది. దానికి శిక్షణ కంటే మీ పద్ధతి మారడం మేలు: పెట్టల్ని రాత్రి పూట పట్టుకోండి, పగలు తప్పకపోతే ముందు పుంజును వేరే చోట మూసి పెట్టండి.

నొప్పి ఉన్న పుంజు కూడా చిరాకుగా ఉంటుంది. పొద్దుగూకాక టార్చ్ వేసి ఒకసారి ఒళ్లంతా చూడండి. రెక్కల కింద, మలద్వారం చుట్టూ ఈకల మొదళ్లలో పేలు ఉన్నాయా, కాళ్ల మీది పొలుసులు పైకి లేచి గరుకుగా ఉన్నాయా, అరికాలిలో నల్లటి పొక్కుతో వాపు ఉందా. ఎప్పుడూ సాధువుగా ఉన్న పుంజు హఠాత్తుగా మారితే ఇది తప్పనిసరిగా చూడాల్సిన సంగతి. ఏదైనా కనిపిస్తే పశువైద్యుడికి చూపించి ఆ తర్వాతే మిగతా పనులు.

రెండో పని: మీకు దెబ్బ తగలకుండా చూసుకోండి

భయపడుతూ వెళ్లే మనిషి ఉలిక్కిపడి అడుగులు వేస్తాడు, చేతులు ఊపుతాడు. పుంజును రెచ్చగొట్టేవి సరిగ్గా అవే. దెబ్బ తగలదన్న ధైర్యం ఉంటే టెన్షన్ తగ్గి నడక మామూలవుతుంది. అందుకే శిక్షణకు ముందే ఈ ఏర్పాటు. మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు, మందపాటి ప్యాంటు. చేతిలో వెడల్పాటి పొడవు చీపురో, ప్లాస్టిక్ తొట్టి మూతో. ఇవి కొట్టడానికి కాదు, పుంజుకూ మీకూ మధ్య గోడలా నిలపడానికి. గుడ్ల కోసం వంగినప్పుడు ముఖం పుంజు ఎత్తుకు వస్తుంది కాబట్టి కళ్లద్దాలు పెట్టుకోండి. వీలైతే గూటిలోకి వెళ్లకుండా బయటి నుంచే గుడ్లు తీసేలా చిన్న తలుపు పెట్టించండి. రోజూ జరిగే ఒక తగాదా దాంతోనే పోతుంది.

మూడో పని: దూకిన క్షణంలో ఏం చేయాలి

కదలకండి. నిటారుగా నిలబడి, మూతను లేదా చీపురును ముందు పెట్టి, పుంజు దానికే తగిలి దిగేలా చూడండి. అరవొద్దు, తన్నొద్దు. దాని కళ్లలోకి అదేపనిగా చూడొద్దు, కానీ వీపు కూడా తిప్పొద్దు. అది ఈకలు దించి, పక్కకు తిరిగి నేల పొడిచేదాకా, లేదా ఒళ్లు దులుపుకునేదాకా ఆగండి. అప్పుడు పక్కవాటుగా నెమ్మదిగా నడుచుకుంటూ మీ పని మీద మీరు వెళ్లండి. రెండు మూడు సార్లు వరసగా దూకినా ఇదే. ఎంత కొట్టినా ఎదురు రాని, పారిపోని వస్తువుతో పోట్లాడటం పుంజుకు విసుగు.

ఇక్కడ ముఖ్యమైన మాట ఏమిటంటే, దాడి ముగియకముందే మీరు గేటు దాటి బయటికి వెళ్లకూడదు. వెళ్తే, ‘దూకితే మనిషి వెళ్లిపోతాడు’ అని అది నేర్చుకుంటుంది. రక్తం వచ్చే పరిస్థితి, పిల్లలు ఉన్న పరిస్థితి అయితే వేరు, అప్పుడు పాఠాలు పక్కన పెట్టి బయటపడండి.

నాలుగో పని: రోజువారీ శిక్షణ

కోడికి శిక్షణ ఏమిటి అని నవ్వేవాళ్లుంటారు. అమెరికాలో మరియన్ బెయిలీ, బాబ్ బెయిలీ దంపతులు కుక్కల శిక్షకులకు పాఠాలు చెప్పడానికి కోళ్లనే వాడేవారు. కోడి చురుగ్గా కదులుతుంది, చప్పున నేర్చుకుంటుంది, శిక్షకుడు బహుమతి ఇవ్వడంలో అర క్షణం ఆలస్యం చేసినా తప్పు పాఠం నేర్చేసుకుంటుంది. మన పనికి కూడా కీలకం ఆ సమయమే.

దానికి బాగా ఇష్టమైనది ఒకటి ఎంచుకోండి: మొక్కజొన్న గింజలు, పొద్దుతిరుగుడు గింజలు, ఎండు పురుగులు, ఏదైనా. అది మామూలు దాణాలో దొరకకూడదు, మీరు విసిరితేనే దొరకాలి. కడుపు నిండా తిన్న పుంజుతో ఈ పని జరగదు, కాబట్టి పొద్దున దాణాకు ముందు, సాయంత్రం గూట్లోకి వెళ్లేముందు ఐదేసి నిమిషాలు చాలు.

మొదట ‘గీత’ కనిపెట్టాలి. దూరం నుంచి నెమ్మదిగా రండి. పుంజు మిమ్మల్ని చూస్తుంది, మేస్తూనే ఉంటుంది. ఇంకో అడుగు. తల ఎత్తి పక్కచూపు మొదలుపెట్టింది అనుకోండి, అదే గీత. ఒక అడుగు వెనక్కి వేసి అక్కడే ఆగండి. అది మళ్లీ మామూలుగా మేయగానే గుప్పెడు గింజలు దాని కాళ్ల దగ్గరికి విసిరి, వెనక్కి వెళ్లిపోండి. అంతే ఆ పూటకి. గింజలు చూడగానే అది పెట్టల్ని పిలుస్తుంది, వాటికి పంచుతుంది. మీరు వస్తే తన పరువు పెరుగుతుంది అనే లెక్క దాని తలలోకి ఎక్కడం మొదలవుతుంది.

గీత రోజురోజుకీ దగ్గరికి జరుగుతుంది. జరగని రోజు తోయకండి. దగ్గరికి వచ్చాక కొత్త కదలికలు ఒక్కొక్కటిగా కలపండి: ముందు వంగడం, తర్వాత నీళ్ల గిన్నె ఎత్తడం, తర్వాత బకెట్ ఊపడం, చివరికి వీపు తిప్పి రెండు అడుగులు నడవడం. ఒక్కోదానికీ పుంజు నిమ్మళంగా ఉన్న క్షణంలోనే గింజలు. మెడ ఈకలు లేచి ఉన్నప్పుడు శాంతింపజేయాలని గింజలు విసిరారో, కోపానికి జీతం ఇచ్చినట్టే. చాలామంది శిక్షణ ఇక్కడే చెడుతుంది. ఈకలు లేస్తే చేయి ఆగాలి, ఈకలు దిగితే చేయి విసరాలి.

చేతిలోంచి తినిపించకండి. ఇది కొందరికి నచ్చదు, ముచ్చటగా ఉంటుంది కదా అంటారు. మచ్చికైన పెట్టలకు ఫర్వాలేదు. దూకే అలవాటున్న పుంజుకు చేతిని పొడిచే అలవాటు కలపడం ఎందుకు?

ఇంట్లో అందరూ ఒకే పద్ధతి పాటించాలి. మీరు ఓపిగ్గా నేర్పుతుంటే ఇంకొకరు చాటుగా కర్రతో తరుముతుంటే దానికి మనుషులంటే పోటీదారులే. ఇది వారాల పని. కొన్ని పుంజులు నెలలో దారికొస్తాయి, కొన్ని ఒక మనిషితో బాగుండి మరొకరి మీదికి దూకుతూనే ఉంటాయి. ఆ రెండోవాళ్లు మళ్లీ మొదటి గీత నుంచి తమ శిక్షణ తాము చేయాలి.

ఎత్తుకోవడం: ఎప్పుడు, ఎలా

పుంజును నేలకు అదిమి తల వంచి పట్టుకుంటే లొంగుతుందని ఒక పద్ధతి ప్రచారంలో ఉంది. అది కదలకుండా ఉండటం శాంతం వల్ల కాదు, వేటజంతువుకు చిక్కినప్పుడు కోడి అలాగే బిగుసుకుపోతుంది. నేను దాన్ని చెప్పను. కానీ మందు వేయడానికో ముల్లు అరగదీయడానికో ఎత్తుకోవాల్సి వస్తుంది కాబట్టి సరిగా ఎత్తుకోవడం తెలియాలి.

కోళ్లకు చీకట్లో సరిగా కనిపించదు. రాత్రి కర్ర మీద కూర్చుని ఉన్నప్పుడు రెండు చేతులతో రెక్కలు ఒంటికి ఆనించి ఎత్తండి, ఒక అరచేయి కాళ్ల కింద, ఒళ్లు మీ చంక కింద, తల వెనక్కి. ఛాతీని నొక్కకండి. పక్షులకు మనలా ఊపిరి ఆడించే పొర ఉండదు, రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే ఊపిరి. గట్టిగా బిగిస్తే ఊపిరాడక చచ్చిపోవచ్చు. కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయడం కూడా మంచిది కాదు, లోపలి అవయవాల బరువంతా ఊపిరికి తోడ్పడే గాలి సంచుల మీద పడుతుంది. దించేటప్పుడు కాళ్లు నేలకు ఆనాక, ఒళ్లు సడలేదాకా చేయి అలాగే ఉంచి వదలండి. గింజుకుంటున్నప్పుడు వదిలితే గింజుకోవడమే దారి అనుకుంటుంది.

ముల్లు సంగతి: అది గోరు లాంటిదే అనుకుని సగానికి కత్తిరించకండి. పైన గట్టి తొడుగు, లోపల రక్తం ఉన్న ఎముక. ఆకురాయితో కొనను మాత్రం కొంచెం కొంచెంగా మొద్దుచేయండి. రక్తం చెమర్చితే మొక్కజొన్న పిండి అద్ది కాసేపు నొక్కి పట్టుకోండి. మొద్దు ముల్లు దెబ్బ కమిలిస్తుంది గానీ గుచ్చుకోదు. పెట్టల వీపులకు కూడా మేలే.

పెట్టల లెక్క, పుంజుల లెక్క

ఒక పుంజుకు 8 నుంచి 10 పెట్టలు అనేది పెంపకందార్లు వాడే లెక్క. పెట్టలు తక్కువైతే ఉన్నవాటి మీదే పుంజు పదేపదే ఎక్కుతుంది. తల వెనక, వీపు మీద ఈకలు ఊడి చర్మం కనిపిస్తే ఇదే సంగతి. అలాంటి పెట్టలకు వీపు మీద కట్టే గుడ్డ తొడుగు వాడొచ్చు, ఈకలు తిరిగి వచ్చేదాకా పుంజును వేరుచేయడం ఇంకా మంచిది.

రెండు మూడు పుంజులు ఉండాలంటే కలిసి పెరిగినవైతే నయం. దాణా, నీళ్లు రెండు మూడు చోట్ల పెట్టండి. ఓడిన పుంజు గెలిచినదాని కంటికి కనిపించకుండా దాక్కునేందుకు చెక్కలు గానీ పొదలు గానీ అడ్డంగా ఉండాలి. మూలల్లో ఇరుక్కునే దొడ్డి అయితే ఓడినదానికి చావే. పెట్టలు అసలు కనిపించని చోట పుంజుల్ని మాత్రమే కలిపి ఉంచితే చాలాసార్లు ఆశ్చర్యంగా శాంతంగా ఉంటాయి, పోటీకి కారణం పోయింది కదా. కొత్త పుంజును తెస్తే మొదట వేరుగా ఉంచి, రోగం లేదని తేలాక, వలకు అవతల కొన్నాళ్లు కనిపించేలా పెట్టి, ఆ తర్వాతే కలపండి.

కూత

దీని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, ఎందుకంటే ఎక్కువ చేయడానికి లేదు. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో చూపించినట్టు, తెల్లవారుజామున కూయడం పుంజు ఒంటిలోని గడియారం పని. ఎప్పుడూ ఒకేలా మసక వెలుతురులో ఉంచినా వేళకు కూశాయి. వాళ్లే 2015లో ఇంకో సంగతి తేల్చారు: మందలో పైస్థాయి పుంజు ముందు కూస్తుంది, మిగతావి వరుస ప్రకారం తర్వాత. అంటే పుంజుల్ని తగ్గిస్తే కూత తగ్గుతుంది. రాత్రి గాలి ఆడే, చీకటిగా ఉండే గూట్లో మూసి ఉంచి ఆలస్యంగా వదిలితే పొరుగువాళ్లకు వినిపించే శబ్దం కొంత తగ్గుతుంది. మెడకు పట్టీ కట్టి కూత ఆపే పద్ధతి జోలికి పోకండి, బిగిస్తే ఊపిరాడదు, తిండి గొంతులో ఇరుక్కుంటుంది.

దెబ్బ తగిలితే

పారే నీళ్లతో, సబ్బుతో బాగా కడగండి. ముల్లు గాయం పైకి చిన్న చుక్కలా ఉన్నా లోతుగా ఉంటుంది, లోపల చీము పట్టే అవకాశం ఎక్కువ. ధనుర్వాతం సూది ఎప్పుడు వేయించుకున్నారో చూసుకుని డాక్టర్‌ను కలవండి. కన్ను దగ్గర తగిలితే ఆలోచించకుండా ఆస్పత్రికే. కాళ్లలో నరాలు ఉబ్బిన పెద్దవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఈ పుంజు దొడ్లోకి వెళ్లకూడదు. ఆస్ట్రేలియాలో గుడ్లు ఏరుతున్న 76 ఏళ్ల మహిళ కాలి మీద పుంజు పొడిస్తే, ఉబ్బిన నరం తెగి రక్తస్రావంతో ఆమె చనిపోయిన సంగతి 2019లో వైద్య పత్రికలో వచ్చింది. అరుదే, కానీ జరిగింది.

పసిపిల్లల విషయంలో రాజీ వద్దు. వాళ్ల కళ్లు పుంజు దూకే ఎత్తులో ఉంటాయి, పరిగెత్తకుండా ఉండమంటే ఉండరు. శిక్షణలో ఉన్న పుంజుకూ పిల్లలకూ మధ్య ఎప్పుడూ కంచె ఉండాలి. ఎంత మంచి పుంజైనా, కోళ్లను ముట్టుకున్నాక పిల్లల చేతులు కడిగించండి, సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఆరోగ్యంగా కనిపించే కోళ్ల మీద కూడా ఉంటుంది.

అయినా మారకపోతే

ఒంట్లో బాగుండి, చోటు సరిపడా ఉండి, రెండు మూడు నెలలు అందరూ ఒకే పద్ధతి పాటించినా వెంటపడి దూకే పుంజులు కొన్ని ఉంటాయి. దాన్ని వేరే వలలో, మనుషులు లోపలికి వెళ్లనక్కర్లేకుండా దాణా నీళ్లు పెట్టేలా ఉంచుకోవడం ఒక దారి. ఇంకొకరికి ఇవ్వడం ఇంకో దారి, కానీ దాని గుణం దాచకుండా చెప్పి ఇవ్వాలి, చిన్నపిల్లలున్న ఇంటికి ఇవ్వకూడదు. ఈ రెండూ కుదరకపోతే దాన్ని బాధ లేకుండా తీసేయడం తప్పేమీ కాదు. మందలో పుంజులు ఎప్పుడూ అవసరానికి మించే పుడతాయి, సాధువైనది ఇంకొకటి దొరుకుతుంది.

ఏ దారి ఎంచుకున్నా దాని సంతానం మాత్రం వద్దు. స్వభావం కొంత పుట్టుకతోనే వస్తుంది, దూకే పుంజు పిల్లల్లో దూకేవి వచ్చే అవకాశం ఎక్కువ. పుంజు వెళ్లిపోయినా పెట్టల కడుపులో దాని బీజం రెండు మూడు వారాలు నిలిచి ఉంటుంది. అందుకని పాత పుంజును వేరుచేసిన రోజు రాసిపెట్టుకోండి. కొత్త పుంజు వచ్చినా సరే, కనీసం నాలుగు వారాలు గడిచాకే గుడ్లను పొదుగుకు పెట్టండి.